ట్యాంకు మీది చిక్కుడు

పాలపొడి డబ్బా మూత తీసి శోభ ప్రేమయ్య ముఖం ముందు పెట్టింది. తెల్లటి పొడిలో నల్లని నలుసులు. కొన్ని కదులుతున్నాయి, కొన్ని కదలడం మానేశాయి.

"చూడు. నా బిడ్డ తాగే పాలు గివి. మొన్న ఆదివారం తెచ్చిన డబ్బా. ఇగ పారబోసుడే."

ప్రేమయ్య వంకాయ మొక్క మొదట్లో మట్టి గుల్ల చేస్తున్నాడు. చిన్నపార కింద పెట్టి, భుజం మీది తువ్వాలకు చేతులు తుడుచుకొని డబ్బా అందుకున్నాడు. ఎండలోకి వంచి చూశాడు.

"నల్లచీమలు తల్లీ. ఇవి కుట్టవు."

"కుట్టవని పాలల్ల కలిపి తాపాల్నా?"

శోభ డబ్బా లాక్కొని మెట్ల వైపు నడిచింది. రెండు మెట్లు దిగి మళ్లీ వెనక్కి తిరిగింది. "అన్ని ఇండ్లు ఉండంగ మా ఇంటికే ఎందుకొస్తున్నయి? నెత్తి మీద తోట పెట్టుకున్నందుకు. సాయంత్రం మీటింగుల తేల్చుకుంట."

ప్రేమయ్య మళ్లీ మట్టి మీదికి వంగాడు. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు రోడ్డుకు రెండు సందుల ఇవతల ఉన్న ఆ ఐదంతస్తుల అపార్టుమెంటు డాబా మీద నలభై ఎనిమిది మట్టి సంచులున్నాయి. ఇంటికి రెండు చొప్పున ఇరవై నాలుగు ఇళ్లవి. సంచులు వాళ్లవి, వాటి మీద రాసిన ఫ్లాటు నంబర్లు వాళ్లవి. మట్టి కలిపింది, నారు పోసింది, పురుగు ఏరింది తోటమాలి ప్రేమయ్య. ఆ ఇళ్లల్లో ఎవరూ అంతకుముందు మట్టి ముట్టినవాళ్లు కాదు. మొక్క మీద ప్రేమ ఎక్కువైనవాళ్లు రోజుకు మూడుసార్లు నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టేవాళ్లు. "పోసే ముందు ఏలు గుచ్చి చూడుండ్రి. లోపల పొడిగుంటెనే పొయ్యుండ్రి" అని ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి ఇంజనీర్లకు పాఠం చెప్పాడు. వాళ్లు నేర్చుకున్నారు. కాయలు కాశాక ఫోటోలు తీసి 'మా తోట' అని గ్రూపులో పెట్టుకున్నారు. ఏ ఫోటోలోనూ ప్రేమయ్య లేడు. ఒకదాంట్లో మాత్రం చెయ్యి పడింది.

ఆయన సొంతానికి ఉన్నవి నీళ్ల ట్యాంకు వెనక ఆరు పెయింటు బకెట్లు. అపార్టుమెంటు సెక్రటరీ స్వరాజ్యం గారు ఒకరోజు మంచి మూడ్‌లో ఉండి, "నువ్వు కూడా ఏమైనా వేసుకో ప్రేమయ్యా" అన్నారు. ఐదింట్లో పాలకూర, మిరప వేశాడు. ఆరోదాంట్లో చిక్కుడు. అది ఇనప నిచ్చెన పట్టుకొని ఎగబాకి, ట్యాంకు నెత్తి మీద చాప పరిచినట్టు పరుచుకుంది. కింది నుంచి చూస్తే అంచుల వెంట ఊదారంగు పూలు, గుత్తులుగా వేలాడే కాయలు.

ఈ ఆదివారం మైలార్‌దేవ్‌పల్లి చర్చిలో కోత పండుగ. ఎవరి పంట వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. పదకొండేళ్లుగా ప్రేమయ్య మార్కెట్లో సొరకాయ కొని, దాని మీద అంటుకున్న కాగితం ముక్క గోటితో గీకి, తీసుకుపోయి పెడుతున్నాడు. పెట్టినప్పుడల్లా దొంగ సొమ్ము పెట్టినట్టే ఉండేది. ఈ ఏడు అలా కాదు. నెల కిందటే నిచ్చెన మూడో మెట్టుకు తెల్ల దారం కట్టాడు. దారానికి పైన ఉన్నదంతా దేవుని భాగం. వేరు చేసిన దాన్ని పండుగ దాకా ఎవరూ ముట్టకూడదు, కోయకూడదు, తడమకూడదు. వాళ్ల నాయన చేలో ఒక సాలు అలాగే వదిలేసేవాడు. ప్రేమయ్య కూడా రోజూ మొదట్లో నీళ్లు పోసి, కింది నుంచి తలెత్తి చూసి, మురిసి వచ్చేవాడు. పైకెక్కలేదు.

సాయంత్రం సెల్లారులో మీటింగు. స్వరాజ్యం గారు తెనాలి వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ కుర్చీలో కూడా బెత్తం పట్టుకున్నట్టే కూర్చుంటారు. ఆమె పక్కన పురుగుమందుల కంపెనీ నుంచి వచ్చిన మధు, కంపెనీ బొమ్మ కుట్టిన చొక్కాలో. ముప్పై ఏళ్లవాడు, మాట చురుకు.

"చీమలంటె గార్డెనే మేడం. మేం ఎన్ని చూడలే! శనివారం పొద్దున వచ్చి డాబా మొత్తం కొట్టేస్తం. ఒక్క చీమ మిగలదు."

"కాయగూరలున్నాయి కదయ్యా?" అన్నారు స్వరాజ్యం గారు.

"నెల రోజులు కొయ్యొద్దు, తినొద్దు. అంతే మేడం. తర్వాత మీ ఇష్టం."

వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ ప్రేమయ్య ముందుకు వచ్చాడు. మీటింగుల్లో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కుర్చీలు జరపడానికి వచ్చేవాడు.

"మేడం, మందు కొట్టకుండ్రి. ఆదివారం మా కోత పండుగ. ట్యాంకు మీది చిక్కుడు దేవునికని పెట్టిన. మందు పడ్డది దేవుని బల్ల మీద పెట్టలేను."

ఎవరో నవ్వారు. శోభ నవ్వలేదు. "దేవునికి చిక్కుడుకాయ, నా బిడ్డకు చీమలా?" అంది.

"నీ బిడ్డ గురించే అంటున్న తల్లీ. మందు కొడితె పైనున్న చీమలు చస్తయి. గూడు ఏడుందో తెల్వకుంటె మళ్లొస్తయి. నాకు జర టైమియ్యుండ్రి. అవి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నయో పట్టుకుంట."

"చీమల వెంట తిరుగుతడంట పెద్దాయన. సీఐడీ!" అన్నాడు మధు.

స్వరాజ్యం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను నిన్ను తప్పు పట్టడం లేదు ప్రేమయ్యా. కానీ పసిబిడ్డ ఉన్న ఇల్లు. శనివారం పది గంటల వరకు చూస్తాను. ఆ లోపు చీమలు ఆగకపోతే మందు కొట్టిస్తాను. మళ్లీ నన్ను అడగకూడదు."

*

గురువారం పొద్దున ప్రేమయ్య కాళ్లు కడుక్కొని 503లో శోభ వంటింట్లోకి వచ్చాడు. ఆమె అప్పటికే స్టవ్ పక్కన లక్ష్మణరేఖ చీమలమందు గీసి ఉంచింది. సుద్దముక్కతో పిల్లలు గీసినట్టు తెల్లటి గీతలు. చీమలు ఆ గీతకు పక్కనుంచి, గోడ మూల వెంట హాయిగా పోతున్నాయి.

"పాప పాకే దగ్గర ఇది గియ్యకు తల్లీ. చేతికంటితె నోట్లె పెట్టుకుంటది."

శోభ చప్పున గుడ్డ తడిపి తుడిచేసింది. ఆమె మొగుడు ఎయిర్‌పోర్టులో సామాన్ల సెక్షన్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. పాప మంచం కోడు పట్టుకొని నిలబడి, వచ్చిన మనిషిని చూస్తోంది.

ప్రేమయ్య అటూ ఇటూ చూసి, బెల్లం ముక్క అడిగాడు. గోరంత తుంచి గట్టు అంచున పెట్టి, పీట వేసుకొని కూర్చున్నాడు.

"చంపమంటె మేపుతున్నవేంది?"

"ఉరికెచ్చినోడు ఏ బాటల పోతడో చూడాలె గదా."

అరగంట కదలకుండా కూర్చున్నాడు. విమానం ఒకటి పైనుంచి దిగుతూ పోతే గిన్నెలు సన్నగా మోగాయి. శోభ కుక్కరు పెట్టింది, దించింది. చివరికి ఆయన చిటికెన వేలితో చూపించాడు. కిటికీ చట్రానికీ టైలుకీ మధ్య వెంట్రుకంత సందు. బెల్లం తిన్న చీమలన్నీ అందులోకే పోతున్నాయి.

"గూడు గిదే. మీ గోడలనే ఉన్నది."

"మరి డాబా మీది నుంచి కాదా?" శోభ గొంతులో కొంచెం పట్టు సడలింది.

ప్రేమయ్య అక్కడితో ఆపేయవచ్చు. ఆపలేదు. కిటికీ తెరిచి తల బయటికి పెట్టాడు. పైపు వెంట ఇంకో వరుస. పైకి పోయేవి కొన్ని, కిందికి దిగేవి కొన్ని. చాలాసేపు చూసి, శోభను పిలిచాడు.

"పైకి పోయేటివి చూడు, సన్నగున్నయి. దిగేటివి చూడు."

శోభ వంగి చూసింది. దిగే చీమల పొట్టలు ఉబ్బి, ఎండకు గాజుపూసల్లా మెరుస్తున్నాయి.

"అరె! నిజమే."

"ఇల్లు ఈడ, బువ్వ పైన. పోతపోత మీ పాలపొడి గుడ రుచి చూస్తున్నయి." అంటూనే ఆయన గొంతు తగ్గింది. పైన తిండి ఉందంటే తోటలో ఉన్నట్టే.

వంటింటి పని ఆ పూటే ముగించాడు. సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి చీమల దారి మొత్తం రెండుసార్లు తుడిపించాడు. వాటికి వాసనే దారి అనీ, అది పోతే తికమక పడతాయనీ చెప్పాడు. పాలపొడి డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టించాడు. సందులోకి మాత్రం వెంటనే సిమెంటు పెట్టలేదు.

"ఎందుకు?"

"లోపల మూసిపెడితె ఇంకో దిక్కు తొవ్వుకుంటయి. ముందు పైన బువ్వ బంద్ చెయ్యాలె. అది నా పని."

*

శుక్రవారమంతా డాబా మీదే. నలభై ఎనిమిది సంచులు. ఒక్కో మొక్క దగ్గర గొంతుక్కూర్చొని, ఒక్కో ఆకు తిప్పి వెనక వైపు చూశాడు. పురుగు ఎప్పుడూ ఆకు వెనకే కాపురం పెడుతుంది. 203 వాళ్ల టమాటాకు తెల్లదోమ నాలుగైదు ఉన్నాయి. 401 వాళ్ల బెండకు పిండిపురుగు, దూది అంటించినట్టు రెండు మచ్చలు. కుంకుడు రసంలో వేపనూనె చుక్కలు వేసి గిలక్కొట్టి, గుడ్డతో తుడిచాడు. ఎండ నెత్తికెక్కాక నూనె వాడితే ఆకు మాడుతుందని మధ్యలో ఆపి, సంచుల కింద తడి చూశాడు, ఎండిన ఆకులు ఏరాడు. మళ్లీ ఎండ వాలాక మొదలుపెట్టాడు. చివరి సంచీ దగ్గర లేచి నిలబడితే నడుము పట్టుకుపోయింది.

ఒక్క సంచికీ చీమల వరుస లేదు.

ప్రేమయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఇంత తోటలో ఒక్క మొక్కకు కూడా చీమ పట్టలేదు. ఏ కంపెనీ చొక్కావాడు చేయగలడు ఈ పని?

అప్పుడు పిట్టగోడ దగ్గరికి పోయి, పైపు ఎక్కి వచ్చిన చీమల వరుస పట్టుకున్నాడు. అది పిట్టగోడ వెంట నడిచింది. సంచులన్నీ దాటింది. ట్యాంకు కిందికి దూరింది. ట్యాంకు వెనక తేలింది. ఇనప నిచ్చెన మొదటి మెట్టు, రెండో మెట్టు, తెల్ల దారం. దారం కిందుగా దూరి పైకి పోయింది.

ఆయన చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు.

కింది నుంచి కనిపించిన పూలూ కాయలూ అంచు మాత్రమే. ట్యాంకు నడినెత్తిన లేత కొసలన్నీ నల్లగా ఉన్నాయి. మసి పూసినట్టు పేనుబంక పురుగు. కాడకు ఖాళీ లేదు. ఆకులు తేనె ఒలికినట్టు జిగటగా మెరుస్తున్నాయి. ఆ మందలో చీమలు కాపరుల్లా తిరుగుతూ, పురుగు వెనక మీసంతో తట్టి, కారిన చుక్క తాగి కిందికి బయల్దేరుతున్నాయి.

ఎందుకు పట్టిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు వారాల కింద, పండుగకు కాపు బరువుగా రావాలని, దోసెడు యూరియా వేశాడు. పొలంలో అలవాటైన చెయ్యి. అది బకెట్ అని చేతికి గుర్తు లేదు. బలుపెక్కి లేత కొసలు బుసబుసా పొంగాయి. లేతదనం ఉన్నచోటికి పేనుబంక వస్తుంది. ఆ ఇళ్లవాళ్లందరికీ "యూరియా జోలికి పోకుండ్రి, కుండీకి అది విషమే" అని చెప్పిన నోరు ఇదే. పైగా దేవుని భాగమని నెల రోజులు ముట్టకుండా, చూడకుండా వదిలేశాడు.

ఒక ఆకు మీద అక్షింతల పురుగు పిల్ల కనిపించింది. నల్లగా, ముళ్లతో, చిన్న మొసలిలాగా. తెలియనివాళ్లు చంపేస్తారు దాన్ని. అది పేనుబంకను ఒకటొకటిగా తింటోంది. ఇంకో పది రోజులుంటే ఇలాంటివే పేనుబంక మొత్తం ఊడ్చి పెట్టేవి. పది రోజులు లేవు. రేపు పొద్దున పది గంటల దాకే గడువు.

జేబులో ఫోన్ మోగింది. డోర్కాస్. ఆయన భార్య, ఆరాంఘర్ దగ్గర ఒక హాస్టల్లో వంట చేస్తుంది.

"ఏమాయె? దొరికినయా చీమలు?"

చెప్పాడు.

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు."

"ఇగ కోసి పారేసి ఊకో. 503 ఆమె మందారం కుండీ ఉన్నది గదా ఆడనే, దాని మీద పెట్టు మాట. ఆమెనే కదా నిన్ను నలుగుట్ల నిలబెట్టింది."

"ఆ మందారానికి ఏం లేదే. నేనే చూసిన."

"నీకు తెలుసు. వాళ్లకేం తెలుసు? నిజం చెప్పినవనుకో, తోటమాలి చెట్టే పాడు అంటరు. బకెట్లు తీసెయ్యమంటరు. ఇంక ఏడాది దాంక నోరెత్తనియ్యరు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఫోన్ జేబులో పెట్టుకొని, కొడవలి తెచ్చుకున్నాడు. పురుగు రాలి సంచుల మీద పడకుండా, ప్రతి కొసా కోయగానే సబ్బు నీళ్ల బకెట్లో ముంచాడు. నీళ్లు నల్లబడ్డాయి. చీమలు చేతుల మీదికి ఎక్కాయి. ఎక్కనిచ్చాడు. అక్షింతల పురుగు ఉన్న ఆకును మాత్రం కాడతో సహా తుంచి, 401 వాళ్ల బెండ మీద వదిలాడు. పొద్దు గుంకేసరికి ట్యాంకు నెత్తి బోసిపోయింది. అంచున వేలాడిన గుత్తుల్లో జిగట పట్టనివి ఏరితే ఒకటిన్నర గుప్పెడు కాయలు వచ్చాయి. ఒక్కొక్కదాన్నే కుంకుడు నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, తువ్వాల మీద పరిచాడు.

నిచ్చెననూ పిట్టగోడనూ సబ్బు నీళ్లతో రుద్ది కడిగేటప్పుడు ఆయనకు ఒక మాట తట్టింది. పురుగు ఎక్కడిదో చెప్పకపోతే, ఆ నలభై ఎనిమిది సంచులూ శుభ్రంగా ఉన్నాయని కూడా చెప్పలేడు. ఒకటి దాస్తే రెండోది దాచాల్సిందే.

*

శనివారం తొమ్మిదిన్నరకే మధు వచ్చాడు. వీపు మీద మందు డబ్బా, మూతికి గుడ్డ. వెనక స్వరాజ్యం గారు, చంకలో పాపతో శోభ.

"దొరికిన్రా దొంగలు?" అన్నాడు మధు.

ప్రేమయ్య వాళ్లను ట్యాంకు వెనక్కి తీసుకుపోయి, సబ్బు నీళ్ల బకెట్లో మునిగిన తీగను కర్రతో పైకి లేపి చూపించాడు.

"గిది పేనుబంక. దీని చెమట తాగనీకె చీమలు పైకొస్తున్నయి. 503 కిటికీ సందుల గూడు. నిన్న పొద్దుగూకినంక పైన బువ్వ బంద్ చేసిన. ఇది నా చిక్కుడు మేడం."

స్వరాజ్యం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "నీ చిక్కుడా? అంటే ఇంత గొడవకూ కారణం నీ మొక్కేనన్నమాట."

"మొక్క ఏం చేసింది మేడం. నా చెయ్యి చేసింది. కాపు కోసమని యూరియా ఎక్కువేసిన. మీకందరికి వద్దని చెప్పి నేనే ఏసిన. దేవుని భాగమని చూడకుంట గుడ విడిచిపెట్టిన."

"భలే ఉన్నవ్ పెద్దాయనా!" మధు పగలబడి నవ్వాడు. "ఊరందరికి నీతులు, ఇంట్ల చీమలు. మేడం, నేనెప్పుడో చెప్పలే? కొట్టేస్త ఇగ." పంపు పిడి మీద చెయ్యి వేశాడు.

"నేను గ్రూపులో రాయాలి ప్రేమయ్యా," అన్నారు స్వరాజ్యం గారు. "నలుగురు అడుగుతారు. మాలి మొక్కల వల్లే అని రాయక తప్పదు."

"రాయుండ్రి." ప్రేమయ్య కర్ర పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆ మనిషి అంత పొడుగని వాళ్లు ఎప్పుడూ గమనించలేదు. "నా పేరు పెట్టే రాయుండ్రి. దాని కిందనే ఇంకోటి రాయుండ్రి. నిన్న నలభై ఎనిమిది సంచుల ఆకులన్ని తిప్పి చూసిన. ఒక్కదానికి చీమ లేదు. నా మాట నమ్మకుండ్రి. మీరే చూడుండ్రి. ఒక్క చీమ దొరికితె ఈయన మందు కొట్టనీయుండ్రి, నేను ఇంటికి పోత."

స్వరాజ్యం గారు, పరీక్ష పేపరు దిద్దేటట్టు, మొదటి వరుసలోకి నడిచారు. వంగడం కష్టమైంది. వంగారు. ఒక ఆకు తిప్పారు, ఇంకోటి తిప్పారు. రెండో వరుస. మూడో వరుస. మధు డబ్బా బరువుకు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారాడు.

"ఈ సంచులల్ల లేకపోవచ్చు మేడం. మళ్ల రావని గ్యారంటీ ఏంది?"

"ఏయ్, నువ్ జర ఆ డబ్బా దించన్నా," అంది శోభ. అందరూ ఆమె వైపు తిరిగారు. "పొద్దున్నుంచి మా వంటింట్ల ఒక్కటి లేదు. నేను గట్టు మీద చక్కెర పోసి మరీ చూసిన. నువ్వు మొన్న మా ఇంటికొచ్చి ఏం చూసినవ్? గుమ్మంల నిలబడి రేటు చెప్పినవ్. ఈయన అరగంట పీట మీద కూసున్నడు."

"అక్కా, మా కంపెనీ..."

"నీ కంపెనీ నెల రోజులు తినొద్దంటది. నా బిడ్డ ఈడ పాకుతది."

స్వరాజ్యం గారు చివరి వరుస నుంచి వచ్చారు. నుదుటి మీద చెమట. "లేవు," అన్నారు. ఫోన్ తీసి, మధుతో "మీరు వెళ్లండి, అవసరమైతే పిలుస్తాం" అని, నిలబడే టైపు చేశారు. రాసిందంతా పైకి చదివారు. మొదటి వాక్యం ప్రేమయ్య మొక్క గురించి. రెండో వాక్యం నలభై ఎనిమిది సంచుల గురించి. 'తోటమాలి' అని ఒకచోట రాసి, చెరిపి, 'ప్రేమయ్య' అని దిద్దారు. "బకెట్ల సంగతి మాత్రం కమిటీలో పెట్టాల్సిందే ప్రేమయ్యా. నా ఒక్కదాని చేతిలో లేదు."

"పెట్టుండ్రి మేడం."

డోర్కాస్ చెప్పినట్టే అయింది.

స్వరాజ్యం గారు దిగిపోయాక శోభ ఇంకా అక్కడే ఉంది. సబ్బు నీళ్లలో తేలుతున్న ఊదాపూల వంక చూసి, "రేపు పండుగంటివి గదా," అంది. "నా సంచిల వంకాయలు మంచిగున్నయి. తీస్కపో."

"అవి నీవి తల్లీ."

"నాయేంది? నువ్వు పెట్టినవే."

"పెట్టింది నేనే. నీళ్లు పోసింది నువ్వు. నీ నంబరు రాసున్నది." ఆయన నవ్వాడు. "పా, సిమెంటు కలుపుత. ఇగ సందు మూద్దం."

"అది తర్వాత. ముందు నాకు ఆకు ఎనక ఎట్ల చూడాల్నో చూపెట్టు. ఏది మంచి పురుగు, ఏది చెడ్డ పురుగు. నువ్వు లేనినాడు నేను చూస్త." పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకొని, 401 వాళ్ల బెండ మొక్క ముందు చతికిలబడింది.

*

ఆదివారం చర్చి ముందు బల్లలు నిండిపోయాయి. అనాసపండ్లు, మెరిసే కాగితం చుట్టిన ఆపిల్ బుట్టలు, రిబ్బను కట్టిన డ్రైఫ్రూట్ డబ్బాలు. ఒక గుమ్మడికాయ మీద సూపర్‌మార్కెట్ చీటీ ఇంకా అంటుకొనే ఉంది. బల్ల దగ్గర కమిటీ మనిషి శామ్ ఒక్కొక్కరి పేరు రాసుకుంటూ, తెచ్చింది అందుకొని సర్దుతున్నాడు.

గేటు దగ్గర డోర్కాస్, "జర కొంగు కింద పెట్టి ఇయ్యాల్నా?" అని అడిగింది. ప్రేమయ్య తల అడ్డంగా ఊపి, స్టీలు పళ్లెం మీది గుడ్డ కూడా తీసేసి ఆమె చేతికిచ్చాడు.

శామ్ పళ్లెం అందుకొని చూశాడు. ఒకటిన్నర గుప్పెడు చిక్కుడుకాయలు. వంకరవి కొన్ని, పొట్టివి కొన్ని.

"గింతేనా అన్నా?"

"గింతే."

శామ్ పళ్లెం తీసుకుపోయి ఆపిల్ బుట్టల వెనక, గోడ వైపు పెట్టాడు. ప్రేమయ్య బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆ పళ్లెం తీసి, తెచ్చి ముందు వరుసలో, అనాసపండ్ల పక్కన పెట్టాడు. అనాసపండును నాలుగు వేళ్లంత పక్కకు జరిపాడు.

"ఏంది అన్నా, ఆడ సర్దిన గదా?"

"రాసుకో తమ్మీ. ప్రేమయ్య. చిక్కుడు. కొన్నది కాదు, పండిచ్చింది."

శామ్ పెన్ను ఆపి, ఒక కాయ తీసుకొని వెలుగులోకి పట్టుకొని చూశాడు. "పురుగు గిట్ల లేదు గదా?"

"ఉండె," అన్నాడు ప్రేమయ్య. "ఏరి తెచ్చిన."